మిగతా ముప్పై ఎనిమిదో పేజీలో

కొసమెరుపు కథ ఎలా రాయాలని ఎవరైనా అడిగితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. అడిగినవాళ్ళ మీద కాదు, నా మీద. నావి పద్దెనిమిది కథలు అచ్చయ్యాయి. అన్నీ వారపత్రికల్లోనే. ఏదీ ఒకటిన్నర పేజీ దాటలేదు, చివర మెరుపు లేకుండా ఏదీ ఆగలేదు. పద్దెనిమిదోదాని తర్వాత మానేశాను. ఎందుకు మానేశావంటే ఉద్యోగమనీ తీరిక లేదనీ ఏదో చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. అసలు సంగతి చెబితే అది కూడా అల్లిన కథలాగే వినిపిస్తుందని భయం. ఎలా వినిపించినా సరే, ఇప్పుడు చెబుతున్నాను.

ఈ విద్య నాకు నేర్పింది తాడేపల్లిగూడెంలో స్టేషను రోడ్డు మీద అద్దె పుస్తకాల షాపు నడిపిన పెద్దాయన. నేను డిగ్రీ చదువుతూ, అంటే తప్పుతూ, సాయంత్రాలు ఆ షాపు బల్ల మీదే గడిపేవాణ్ణి. ఆయన జన్మలో ఒక్క కథా రాయలేదు. చదివినవి మాత్రం వేలల్లో ఉంటాయి. పత్రిక తెరిచి నా ముందు పెట్టి, చివరి పేరా మీద బొటనవేలు అడ్డం పెట్టి, "చెప్పు, ఏమవుద్ది?" అనేవాడు. నేను సరిగ్గా చెప్పేస్తే ఆ కథ దండగ అని పేజీ తిప్పేసేవాడు.

"కొసమెరుపంటే నువ్వు అబద్ధం ఆడ్డం కాదబ్బాయ్. చదివేవాడి చేత ఆడించడం" అన్నాడొకసారి. "నువ్వు అన్నీ నిజాలే చెప్పు. ఒక్కటి మాత్రం దాచు. ఆ ఖాళీలో అబద్ధాన్ని వాడే కట్టుకుంటాడు. రెండోసారి చదివితే నీ వాక్యం ఒక్కటి కూడా తప్పనిపించకూడదు. అనిపించిందా, అది మెరుపు కాదు, మోసం."

నేను విన్న సాహిత్య పాఠాల్లో ఇంత సూటిగా ఉన్నది ఇంకోటి లేదు. ఆయన చెప్పనిది ఒకటుంది. చదివేవాడు సగంలో లేచిపోతే వాడి దగ్గర ఉండిపోయేది ఆ అబద్ధమే. ఆయనకూ తెలియదేమో. నాకు కొల్లేరు గట్టు మీద తెలిసింది.

అప్పటికి కొల్లేరులో చేపల చెరువుల గట్లు సర్కారు వాళ్ళు ఇంకా కొట్టేయలేదు. ఆ కూల్చివేతలకు ఒకటి రెండేళ్ళ ముందు మాట. నేను ఏలూరులో చేపల మందులు అమ్మే షాపులో నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగంలో ఉన్నాను. షాపు వెనక గదిలో నాలుగు గాజు గొట్టాలు, రంగు మారే మందులు రెండు, గోడకి ల్యాబ్ అని బోర్డు. బీయస్సీ కెమిస్ట్రీ రెండుసార్లు తప్పిన నన్ను పట్టుకుని చెరువుల వాళ్ళు డాక్టరు గారూ అనేవారు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది. ఇంకొన్నాళ్ళకి ఎవరైనా అలా పిలవకపోతే కష్టంగా కూడా ఉండేది.

నీళ్ళలో ప్రాణవాయువు తెల్లవారేటప్పుడే బాగా తగ్గుతుంది. అందుకని నేను షాపు మోపెడ్ వేసుకుని చీకటితోనే బయల్దేరి, వెలుగు రాకముందే గట్ల మీద ఉండేవాణ్ణి. గుండుగొలను నించి కొల్లేరు వైపు దిగితే ఒక పెద్ద చెరువుండేది. దాని యజమాని గుండుగొలనులో కాపురం. నెమ్మదస్తుడు, మాట్లాడితే అండీ లేకుండా మాట రాదు. ఆ చెరువుకి ఏడేళ్ళుగా కాపలా ఒక్కడే. యాభై దాటిన మనిషి, కొల్లేటికోట సొంతూరు. భార్య పోయింది, పిల్లలు లేరు. గట్టు మీద తాటాకు మకామే ఆయనకు ఇల్లు. ఆదివారం ఒక్క పూట తెల్ల చొక్కా వేసుకుని చర్చికి వెళ్ళొచ్చేవాడు. నేను బాబాయ్ అనేవాణ్ణి. వెళ్ళినప్పుడల్లా నాకు పొయ్యి మీద టీ పెట్టి ఇచ్చేవాడు.

ఒకరోజు తెల్లవారుజామున నేను ఇవతలి గట్టు మీద సీసాల్లో నీళ్ళు పడుతూ తలెత్తితే, అవతల తూము దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ చూశాడు. లుంగీ మడతలోంచి చిన్న సీసా తీసి నీళ్ళలోకి వంచాడు. మళ్ళీ మడతలో పెట్టేసుకున్నాడు. తర్వాత నన్ను చూసి ఉలిక్కిపడి, ఏమీ జరగనట్టు "టీ పెట్టమంటారాండి?" అని కేకేశాడు. వారం తర్వాత మళ్ళీ చూశాను. మూడోసారి కూడా చూశాను.

ఇక్కడ నేను అడగవలసింది ఒక్క ముక్క. సీసాలో ఏముంది బాబాయ్ అంటే చాలు. నేను నీళ్ళు పరీక్ష చేసేవాణ్ణి, అడగడం నా ఉద్యోగ ధర్మం కూడా. అడగలేదు. ఏమరుపాటున కాదు, కావాలనే అడగలేదు. అడిగితే ఆయన ఏ దగ్గు మందో, ఏ సారాయో అంటాడు. కథ అక్కడికక్కడే చచ్చిపోతుంది. నాకు ఆ సీసా మూతపడి ఉండటమే కావాలి. అందులో ఏముండాలో నేను పోసుకుంటాను.

ఆ రాత్రే కాగితం మీద పెట్టాను. కొల్లేరులో ఒక చెరువు, నమ్మకస్తుడైన కాపలాదారు, తెల్లవారుజామున తూము దగ్గర సీసా, దొంగచూపు. చదివేవాడు విషమే అనుకోవాలి. అనుకుని తీరేలాగే రాశాను. యజమాని గట్టు చాటున మాటు వేసి కూర్చోవడం దాకా లాక్కొచ్చి, చివర మెరుపు: సీసాలో ఉన్నవి పాలు. గూటిలోంచి జారిపడిన గూడబాతు పిల్లకి పట్టడానికి ఎవరికీ తెలియకుండా తెస్తున్నాడు. చూసిన యజమాని కళ్ళు చెమర్చాయి. అక్కడ ఆపాను. నిజం చెప్పొద్దూ, రాసి నేనే కళ్ళు తుడుచుకున్నాను.

పంపిన నాలుగు నెలలకి గానీ కథ రాలేదు. ఈ లోపల ఆ చెరువే పోయింది. మూడు రోజులు ముసురు పట్టి ఎండ మొహం కనబడకపోయేసరికి, నాలుగో రోజు పొద్దున్నకి చేప చేపంతా తేలిపోయింది. శీలావతులు, బొచ్చెలు, తెల్లటి పొట్టలు పైకి పెట్టుకుని గట్టంతా. నాకు కబురొచ్చి నేను వెళ్ళేసరికి పొద్దెక్కింది, ఎండ కాసింది, నీళ్ళు మళ్ళీ మామూలుగా ఉన్నాయి. ఆక్సిజన్ తగ్గి ఉండవచ్చు అని రిపోర్టు రాసిచ్చాను. యజమాని ఆ కాగితం చాలాసేపు చూశాడు. "ఉండవచ్చు అంటే ఏంటండీ? తగ్గిందా, తగ్గలేదా?" అన్నాడు. ఆయన పక్కన కాపలా బాబాయ్ తల మీద తువ్వాలు కప్పుకుని, ఇంట్లో మనిషి పోయినట్టు కూర్చుని ఉన్నాడు.

అది జరిగిన రెండు వారాలకి పత్రికలో నా కథ వచ్చింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగిన సామెత ఉందే, అది నా కోసమే పుట్టి ఉంటుంది. కథ అచ్చులో చూసుకుని రెండు కాపీలు కొన్నాను. పేరు కింద నా ఊరు కూడా వేశారు. ఆ చెరువు, ఈ కథ, రెండూ ఒకే చోటివన్న ఆలోచన నాకు రానే లేదు.

ఆ వారంలోనే ఒక ఉదయం పదింటికి షాపుకి ఫోనొచ్చింది. చెరువు యజమాని.

"డాక్టరు గారేనాండీ? మీ కథ చదివామండి."

సంతోషం పట్టలేక "ఎలా ఉందండీ?" అన్నాను.

"ఎలా ఉండడమేంటండీ. పైకి చెప్పలేక అలా రాశారని అర్థమైందండి మాకు. ఆణ్ణి మకాంలో కూర్చోబెట్టామండి. మా బాబాయి గారినీ ఇంకో పెద్దమనిషినీ రమ్మన్నాం. మీరొచ్చి ఆ రాసిందే వాళ్ళ ముందు నోటితో చెప్పేస్తే, తర్వాత స్టేషనుకి అప్పజెప్పేద్దామండి."

"ఏవండీ, అది కథండీ! చివరిదాకా చదవలేదా?"

"ఉన్నంతవరకూ చదివామండి. అది చాలండి. మీరు వచ్చేయండి" అని పెట్టేశాడు.

ఉన్నంతవరకూ అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. షాపు మోపెడ్ ఎవరో పట్టుకెళ్ళారు. గదికి పరిగెత్తి నా కాపీ తీసుకుని బస్టాండుకి వచ్చాను. భీమడోలు మీదుగా వెళ్ళే జంగారెడ్డిగూడెం బస్సు కదులుతుంటే ఎక్కాను. సీటు లేక నిలబడే కథ మళ్ళీ చదివాను. పుస్తకాల షాపు గురువుగారు చెప్పినట్టు ప్రతి వాక్యమూ నిలబడింది. కాపలాదారుకి నేను పెట్టిన తువ్వాలు రంగు కూడా బాబాయ్‌దే. కుడికాలు కాస్త ఈడ్చి నడవడం కూడా ఆయనదే. ఆ మనిషిని ఎరిగినవాడెవడైనా రెండో పేరాలోనే గుర్తుపడతాడు. నేను కల్పించానని మురిసిపోయినదంతా ఆయన ఒంటి మీద నించి తీసుకున్నదే.

చెరువులో పురుగుల మందు కలిపాడన్న మాట కొల్లేరులో ఒక మనిషి మీద పడితే ఇక అంతే. కేసు నిలిచినా నిలవకపోయినా, ఏ గట్టు మీదా ఎవరూ కాపలా పెట్టుకోరు. ఆ వయసులో ఆయనకి వేరే పని రాదు, ఆ మకాం తప్ప తల దాచుకునే చోటు లేదు. బస్సు ప్రతి స్టాపులో ఆగుతుంటే డ్రైవరు మీద అరవాలనిపించింది. ఒకసారి అరిచాను కూడా. కండక్టరు "మీ ఒక్కరి కోసం నడపట్లేదండి" అన్నాడు.

గుండుగొలనులో దిగి ఆటో దొరికినంత దూరం ఆటోలో, తర్వాత గట్టు మీద నడిచి, మకాం చేరేసరికి చొక్కా తడిసిపోయింది. లోపల నేల మీద, మేత బస్తాలకి ఆనుకుని బాబాయ్ కూర్చుని ఉన్నాడు. ఎడమ చెంప వాచింది. మంచం మీద యజమాని, ఆయన బాబాయి గారు. ఇంకో పెద్దమనిషి గుమ్మంలో నిలబడి బీడీ కాలుస్తున్నాడు. నన్ను చూసి యజమాని లేచి చోటిచ్చాడు. ఆ మర్యాద చూస్తే నాకు ఇంకా భయమేసింది. బాబాయ్ నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేను వచ్చాను కాబట్టి ఇక ఫరవాలేదన్నట్టు చూశాడు.

మంచం మీద వాళ్ళ పత్రిక మడిచి ఉంది. తీసి తెరిచాను. నా కథ ఇరవై నాలుగో పేజీలో ఉంది. యజమాని మాటు వేసి కూర్చున్న చోట ఆగి, కింద చిన్న అక్షరాలతో మిగతా 38వ పేజీలో అని ఉంది. పేజీలు తిప్పాను. ముప్పై ఆరు తర్వాత ముప్పై తొమ్మిది ఉంది. మధ్య కాగితం పిన్ను దగ్గర సన్నటి అంచు మాత్రం మిగిల్చి చిరిగిపోయి ఉంది.

"ఇందులో కాగితం ఏమైందండీ?"

"మా ఆవిడ సీరియల్ కాగితాలు చింపేసుకుంటదండి. అన్నీ పోగేసి ఏలూరులో బైండింగు చేయిస్తది. సీరియల్ వెనకాలే మీది పడ్డట్టుంది."

మా అమ్మా అదే పని చేసేది. మా ఇంట్లో ఏ పత్రికా నిండా పేజీలతో మూడు రోజులు బతికి ఉన్నది లేదు. అట్ట పెట్టెలో దారం కట్టిన సీరియల్ కట్టలు, బల్ల మీద సగం సగం కథలు. అలాంటి ఇంట్లో పెరిగి, మనిషి పరువంతా ముప్పై ఎనిమిదో పేజీలో దాచానన్నమాట.

కానీ ఆ క్షణంలో నాకు ప్రాణం లేచొచ్చింది. సమస్య ఇంతేనా అనుకున్నాను. చివర చదివితే తేలిపోతుంది. నా కాపీ తీసి, "అసలు సంగతి ఇక్కడుందండీ, వినండి" అని నిలబడి చదివాను. బాగానే చదివాను. పాలు, గూడబాతు పిల్ల, చెమర్చిన కళ్ళు.

చదవడం అయ్యాక గుమ్మంలో పెద్దమనిషి బీడీ పారేసి, "గూడబాతు పిల్ల పాలు తాగుద్దా డాక్టరు గారూ? దాని తల్లి సగం నవిలిన చేప పెడితే తింటదది. నేనిక్కడే పుట్టానండి" అన్నాడు. యజమాని బాబాయి గారు పకపకా నవ్వాడు.

యజమాని నవ్వలేదు. "అదుండనియ్యండి. నేనొక్కటడుగుతానండి. ఈ పాలు మీరు చూశారా, ఊహించి రాశారా?"

"ఊహించి రాశానండీ."

"ముందు రాసిన తూము, తెల్లారగట్ల సీసా వంచడం, అటూ ఇటూ చూడటం?"

అంతకన్నా సూటిగా నా కథను ఎవరూ విమర్శించలేదు, ఇకముందు కూడా విమర్శించరు. మొదలు చూసి రాసింది. చివర కల్పించింది. ఆయన అడిగేది ఆ రెంటికీ మధ్య ఉన్న అతుకు గురించి.

"అది కాదండీ. ఈ కథ మీ చేప పోయాక రాసింది కాదు, నాలుగు నెలల కిందటే పంపాను" అన్నాను.

"అంటే నాలుగు నెల్ల నించీ పోస్తానే ఉన్నాడన్నమాట. మీకు తెలుసన్నమాట. మాకు చెప్పలేదన్నమాట" అన్నాడు యజమాని బాబాయి గారు నవ్వు ఆపేసి.

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. బయట గాలికి తాటాకు గలగలమంటోంది. పెద్దమనిషి గుమ్మంలోంచి జరిగి లోపలికొచ్చాడు. బాబాయ్ అరచేతులు రెండూ నేలకి ఆనించి లేవబోయి, ఎవరో కసిరితే మళ్ళీ కూలబడ్డాడు. ఇంకో రెండు ప్రశ్నలడిగితే చెయ్యి మళ్ళీ లేస్తుందని నాకు తెలిసిపోయింది.

అప్పుడు అబద్ధం చెప్పాను.

"ముందుది కూడా ఊహేనండీ. సీసా లేదు, ఏమీ లేదు. కథ రక్తి కట్టాలని రాశాను. ఆయన పోలికలు వాడుకున్నాను, అది నా తప్పు. నేనేమీ చూడలేదండీ."

జీవితంలో అంత నిలకడగా ఏ అబద్ధమూ చెప్పలేదు. యజమాని నా కళ్ళలోకి చూశాడు. చూసి చూసి, గట్టిగా ఊపిరి వదిలి, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆయనకీ నమ్మాలనే ఉంది. ఏడేళ్ళు నమ్మిన మనిషిని స్టేషనుకి ఇవ్వడం ఆయనకీ ఇష్టం లేదు. "మరి ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాడు మెత్తగా. అయిపోయిందనుకున్నాను.

"డాక్టరు గారండీ" అన్నాడు నేల మీద నించి బాబాయ్. "నా కోసం మీరు అబద్ధమాడకండి. సీసా ఉందండి."

లేచి, ఈసారి ఎవరూ ఆపకపోతే, కప్పులో తాటాకు మధ్య చెయ్యి పెట్టి తీశాడు. గోధుమరంగు దగ్గు మందు సీసా. చీటీ గోకేసి ఉంది. రెండు చేతులతో యజమానికి ఇచ్చాడు.

"నూనండి. చర్చిలో అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చిందండి. పోయినేడు పక్క చెరువు పోయిన కాణ్ణించీ భయమేసి, రోజూ తెల్లారగట్ల తూము కాడ రెండు చుక్కలేసి ప్రార్థన చేసుకుంటున్నానండి, మన చేప సల్లగా ఉండాలని. తమరు చేపపిల్ల వదిలేటప్పుడు కొబ్బరికాయ కొట్టే చోటండి అది. అక్కడ నేనీ పని చేత్తున్నానంటే తమరేవనుకుంటారోనని చెప్పలేదండి. అంతేనండి."

సిగ్గు విడిచి చెబుతున్నాను. అది విన్నప్పుడు నాకు ముందు వచ్చిన ఆలోచన ఆ మనిషి గురించి కాదు. నా పాల కన్నా ఇదే ఎంత బాగుంది, ఒక్క మాట అడిగి ఉంటే కథ ఎక్కడికో వెళ్ళేది కదా అని. ఒక్క క్షణమే. కానీ వచ్చింది.

"బాగుందండి" అన్నాడు యజమాని బాబాయి గారు చప్పట్లు కొట్టినట్టు చేతులు దులుపుకుంటూ. "ముందు పాలన్నారు. తర్వాత సీసాయే లేదన్నారు. ఇప్పుడు నూనంటున్నారు. ఇంకాసేపు కూర్చుంటే తేనె అంటారు. ఇద్దరూ కలిసి బాగా అల్లుతున్నారండి."

"లేదండీ, ఇది నిజం" అన్నాను. ఎంత గట్టిగా అంటే అంత కథలా వినిపించింది. "బకెట్లో నీళ్ళు పట్టండి. చేపని వదిలి, ఈ సీసా మొత్తం పోసి చూడండి. నేను పరీక్ష చేసి రాసిస్తాను."

యజమాని తల అడ్డంగా ఊపాడు. "మీరు రాసిచ్చేది ఇంక మేం ఎలా నమ్మేదండీ? నిన్నటిదాకా మీరు రాస్తే రిపోర్టండి. ఇయ్యాల్టి నించీ కథేనండి."

ఆయన మూత తీసి వాసన చూశాడు. రెండు వేళ్ళ మధ్య రాసి చూశాడు. విషం కాదని ఆయనకి తెలిసిపోయిందని ఇప్పటికీ నా నమ్మకం, ఆయన మొహంలో అది కనబడింది. కానీ ఇద్దరు పెద్దలు చూస్తున్నారు, చెరువు ఖాళీగా ఉంది, ఊళ్ళో అప్పటికే నలుగురికి చెప్పి ఉన్నాడు. సీసా మూత పెట్టి బాబాయ్ చేతికి తిరిగి ఇచ్చేశాడు.

"స్టేషనూ వద్దు, ఏమీ వద్దు. నాకు చెప్పకుండా నా నీళ్ళలో ఏం వేసినా నేనుంచుకోలేను. సామాన్లు సద్దుకో."

"ఆయ్" అన్నాడు బాబాయ్.

ఒక ట్రంకు పెట్టె, చుట్టిన చాప ఒకటి, టీ గిన్నె. సద్దడానికి పావుగంట కూడా పట్టలేదు. పెట్టె నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు, బతిమాలితే చాప ఇచ్చాడు. గట్టు మీద ఆయన ముందు, నేను వెనక. తూము దాటేటప్పుడు ఆయన ఆగుతాడేమో అనుకున్నాను. ఆగలేదు. అడుగడుక్కీ క్షమించమని అడుగుదామనుకుంటూనే గుండుగొలను రోడ్డెక్కేదాకా నడిచాను.

బస్టాపులో పెట్టె మీద కూర్చున్నాడు. ఏలూరు వెళ్ళి అక్కణ్ణించి కైకలూరు బస్సెక్కితే కొల్లేటికోట వైపు పోవచ్చు, చెల్లెలుంది, కొన్నాళ్ళుంటానన్నాడు. ఆ తర్వాత సంగతి ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

"నన్ను క్షమించు బాబాయ్" అన్నాను చివరికి. ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

"మీరు మాత్రం ఏం చేత్తారండి. రాసుకునేవోరు" అన్నాడు. అందులో దెప్పుడు లేదు. ఉంటే బాగుండేది.

లారీలు పోతున్నాయి. ఆయన కాసేపు రోడ్డు చూసి, నా చేతిలో మడిచిపట్టుకున్న పత్రిక చూశాడు. ఆయనకి చదువు రాదు. మకాంలో నేను చదివితే విన్నదే ఆయనకి తెలిసిన నా కథ.

"డాక్టరు గారండీ. అందులో ఆ షావుకారు గట్టు చాటునించి చూసి కళ్ళనీళ్ళెట్టుకున్నాడన్నారు కదండీ."

"అవును బాబాయ్."

"ఆ తర్వాత ఏం చేశాడండి? ఆణ్ణి పన్లో ఉంచాడాండి, తీసేశాడాండి?"

పద్దెనిమిది కథల్లో ఏ ఒక్కదానికీ నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. కన్నీళ్ళ దగ్గర ఆగాను, ఆగడమే గొప్ప అనుకున్నాను. ఆ మనిషి మర్నాడు పొద్దున్న ఎక్కడ లేచాడో నాకు తెలియదు.

"ఉంచాడు" అన్నాను. "పన్లోనే ఉన్నాడు బాబాయ్."

ఏలూరు బస్సు వస్తోంది. ఆయన లేచి పెట్టె భుజానికెత్తుకుని, చాప కోసం చెయ్యి చాపాడు.

"పోన్లెండి" అన్నాడు. "ఆడికన్నా పనుంది."